నెగటివ్ రిపోర్టు వెనక దాక్కున్న సీలియాక్

గోధుమ లాంటి గింజల్లోని గ్లూటెన్ వల్ల చిన్న పేగు దెబ్బతినే జబ్బు సీలియాక్. దాన్ని మనం యాంటీబాడీ పరీక్షతో పట్టుకుంటాం. అందుకే ఆ యాంటీబాడీలే పేగును పాడుచేస్తున్నాయని చాలామంది అనుకుంటారు. వైద్యుల్లోనూ ఆ భావన ఉంటుంది. నా మనసులో కూడా ఎక్కడో ఒక మూల ఉండేది. ఆ పరీక్ష మామూలుగా వెతికే రకం యాంటీబాడీ రక్తంలో చుక్క కూడా లేకుండానే చిన్న పేగు దెబ్బతిన్న ఒక మనిషిని చూశాక అది పోయింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలు లేకుండా వ్యక్తిగత వివరాలు మార్చాను.

మొదటి మూడు నెలలు

ఆమెకు 34 ఏళ్లు, స్కూల్ టీచర్. లావుపాటి ఫైలు పట్టుకుని వచ్చారు. నాలుగేళ్లుగా రక్తహీనత. ఐరన్ మాత్రలు కంపెనీలు మార్చి మార్చి వాడారు, హిమోగ్లోబిన్ ఎప్పుడూ 9 దాటలేదు. కూర్చోగానే అన్న మొదటి మాట ఇది: “డాక్టర్ గారూ, నేను మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదు. వేసుకోవట్లేదనే అందరూ అనుకుంటున్నారు.”

విరేచనాలు లేవు. అప్పుడప్పుడు కడుపు ఉబ్బరం. నోటిపూత నెలకోసారైనా వస్తుంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు సైనస్ ఇన్ఫెక్షన్. నెలసరి రక్తస్రావం మామూలుగానే ఉందని గైనకాలజిస్టు రాశారు. తమ్ముడికి టైప్ 1 డయాబెటిస్ ఉందని ఫైలులో ఒకచోట ఉంది. ఆ రోజు నేను ఆ లైను చదివాను, చదివి ముందుకు వెళ్లిపోయాను.

రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్ 7.9, ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 67, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ 4. అన్నీ తక్కువే. ఫోలేట్ తక్కువ. విటమిన్ డి 9. కాలేయ ఎంజైమ్ ఏఎల్‌టీ 71, కొద్దిగా ఎక్కువే. వీటన్నిటి మధ్య రెండేళ్ల కిందటి సీలియాక్ యాంటీబాడీ రిపోర్టు ఒకటి ఉంది: టీటీజీ ఐజీఏ, నెగటివ్.

ఆ ‘నెగటివ్’ అన్న మాట చూసి నేను సీలియాక్‌ను జాబితాలోంచి కొట్టేశాను. రక్తం ఎక్కడైనా కారుతోందేమోనని ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ చేశాను. పుండు లేదు, గడ్డ లేదు, రక్తం మరక లేదు. చిన్న పేగు మొదటి భాగం, అంటే డ్యుయోడినం, చూడటానికి మామూలుగానే ఉంది. అక్కడి నుంచి ముక్క తీయలేదు. రిపోర్టు నెగటివ్‌గా ఉంది కదా, ఎందుకులే అనుకున్నాను. సీలియాక్ ఉన్నవాళ్లలో కూడా డ్యుయోడినం కెమెరాకు మామూలుగా కనిపించవచ్చని నాకు తెలుసు. తెలిసి కూడా తీయలేదు. ఆ తప్పు నాది.

ఐరన్‌ను నరం ద్వారా ఎక్కించాం. హిమోగ్లోబిన్ 11 దగ్గరికి వచ్చింది. ఆమె మొహంలో వెలుగు వచ్చింది, నాకూ సంతోషం వేసింది. మూడు నెలల తర్వాత ఫెర్రిటిన్ మళ్లీ కిందికి జారింది. అప్పుడు ఫైలు మళ్లీ మొదటి పేజీ నుంచి చదివాను.

నోటి ద్వారా పనిచేయని ఐరన్ నరం ద్వారా పనిచేసింది. అంటే లోపం ఐరన్‌లో లేదు, దాన్ని పీల్చుకునే చోట ఉంది. ఐరన్‌ను శరీరం ఎక్కువగా పీల్చుకునేది డ్యుయోడినంలోనే. ఫోలేట్ కూడా చిన్న పేగు పైభాగంలోనే లోపలికి వెళ్తుంది. కారణం తెలియని ఏఎల్‌టీ పెరుగుదల, నోటిపూత, తమ్ముడి డయాబెటిస్... ఇవన్నీ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి. మరి ఆ నెగటివ్ సంగతేమిటి?

ఈసారి ‘నెగటివ్’ అన్న మాట వదిలేసి పక్కనున్న అంకె చూశాను. “0.1 కంటే తక్కువ” అని ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో కూడా ఈ పరీక్ష కొద్దో గొప్పో ఒక అంకె చూపిస్తుంది. బొత్తిగా ఏమీ లేదంటే ఒక్కోసారి అర్థం వేరే ఉంటుంది: ఆ మనిషి ఒంట్లో ఐజీఏ అనే తరగతి యాంటీబాడీలే తయారు కావట్లేదేమో. తరచూ వచ్చే సైనస్ ఇన్ఫెక్షన్లు కూడా అప్పుడే గుర్తొచ్చాయి.

మొత్తం ఐజీఏ ఎంతుందో చూడమని పంపాను. డెసీలీటరుకు 7 మిల్లీగ్రాముల కంటే తక్కువ అని వచ్చింది. వేరే తరగతులైన ఐజీజీ, ఐజీఎం రెండూ మామూలుగానే ఉన్నాయి. అంటే రోగనిరోధక వ్యవస్థ మొత్తం దెబ్బతినలేదు, ఐజీఏ ఒక్కటే లేదు. దీన్ని సెలెక్టివ్ ఐజీఏ డెఫిషియెన్సీ అంటాం. సీలియాక్ ఉన్నవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇది కనిపిస్తుంది. మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. ఐజీఏ లేని మనిషిలో ఐజీఏ పరీక్ష చేస్తే నెగటివ్ కాక ఇంకేం వస్తుంది?

ఐజీజీ తరగతిలో చూశాం. టీటీజీ ఐజీజీ మామూలు హద్దుకు తొమ్మిది రెట్లు. గ్లూటెన్ తునకల మీది యాంటీబాడీని చూసే డీజీపీ ఐజీజీ ఆరు రెట్లు.

బయాప్సీ

అనుమానం సంగతి చెప్పగానే ఆమె “ఈ రోజు నుంచే గోధుమ మానేస్తాను” అన్నారు. నాలుగేళ్లు బాధపడ్డ మనిషి ఆ మాట అనడం సహజం. మానవద్దని చెప్పాను. గ్లూటెన్ ఆపితే పేగు కోలుకోవడం మొదలుపెడుతుంది, యాంటీబాడీలు తగ్గుతాయి. ఆ తర్వాత తీసిన ముక్కలో ఏమీ కనిపించకపోతే మళ్లీ సందేహం మిగిలిపోతుంది. జీవితాంతం పాటించాల్సిన డైట్‌ను సందేహం మీద మొదలుపెట్టించడం నాకిష్టం లేదు. ఇంకో పది రోజులు తినమన్నాను.

ఈసారి డ్యుయోడినం రెండో భాగం నుంచి నాలుగు ముక్కలు, మొదటి భాగం నుంచి రెండు ముక్కలు తీశాం. దెబ్బ అంతటా సమానంగా ఉండదు. ఒక మడత మీద బాగున్న పొర పక్క మడత మీద చదునైపోయి ఉంటుంది. అందుకే ఒకటి రెండు ముక్కలు తీసి సరిపెట్టుకోకూడదు.

పేగు లోపలి గోడ మీద వేళ్లలా లేచి ఉండే చూషకాలు, మేం విల్లై అంటాం, సగానికి పైగా అరిగిపోయాయి. వాటి అడుగున ఉండే గుంటలు పొడవుగా సాగాయి. పైపొరలోకి దూరిన లింఫోసైట్లు, అంటే ఒక రకం తెల్లరక్తకణాలు, వంద కణాలకు 65 ఉన్నాయి. 25 లోపు ఉండాలి. పేగు దెబ్బను అంచెలుగా చెప్పే మార్ష్ పద్ధతిలో 3బి. ఐజీఏ లోపం ఉన్నవాళ్లలో జియార్డియా అనే పరాన్నజీవి కూడా పేగును ఇలాగే దెబ్బతీయగలదు కాబట్టి ముక్కల్లోనూ మలంలోనూ దాన్ని వెతికించాను. లేదు. బీపీకి వాడే ఒల్మిసార్టాన్ లాంటి కొన్ని మందులు కూడా సీలియాక్‌ను పోలిన మార్పులు తెస్తాయి. ఆమె అలాంటివేవీ వాడట్లేదు. హెచ్ఎల్ఏ అనే జన్యు పరీక్షలో, సీలియాక్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించే డీక్యూ2.5 ఉందని వచ్చింది.

రోగం పేరు తేలింది. ఇక అసలు ప్రశ్న ఆమే అడిగారు: “ఆ ఐజీఏ యాంటీబాడీ నాలో లేదన్నారు కదా. మరి పేగును ఎవరు పాడుచేశారు?”

పేగు గోడలో జరిగిన కథ

ఆ రోజు ఓపీ అయిపోయాక ఒక తెల్ల కాగితం తీసుకుని ఆమెకు బొమ్మ వేసి చూపించాను. ఇక్కడ అదే రాస్తాను, కొంచెం వివరంగా.

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రోటీన్ల గుంపు. ఈ ప్రోటీన్లలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం చాలా ఎక్కువ. మన జీర్ణ ఎంజైమ్‌లకు ప్రోలిన్ ఉన్నచోట కత్తిరించడం చేతకాదు. మాంసం ప్రోటీన్‌నో పప్పు ప్రోటీన్‌నో చిన్న చిన్న తునకలు చేసే ఎంజైమ్‌లు గ్లూటెన్ దగ్గర సగంలో ఆగిపోతాయి. 33 అమైనో ఆమ్లాల పొడవున్న ఒక తునక కడుపులోని, పేగులోని ఎంజైమ్‌లన్నిటినీ తట్టుకుని నిలబడుతుందని 2002లో తేలింది. ఇది ఏ ఒక్కరి లోపమో కాదు. నాలో, మీలో, అందరిలో గ్లూటెన్ ఇలా అరకొరగానే అరుగుతుంది.

ఆ తునకల్లో కొన్ని పేగు పైపొర దాటి లోపలికి వెళ్తాయి. అక్కడ టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. టీటీజీ అంటే ఇదే. గాయమైన చోట ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేయడం, కణజాలాన్ని బాగుచేయడం దాని పని. గ్లూటెన్ తునకల్లో గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం కూడా దండిగా ఉంటుంది, టీటీజీకి చేతినిండా పని దొరికినట్టే. అది కొన్ని గ్లూటమిన్‌లను గ్లూటమిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. చూడటానికి అతి చిన్న మార్పు. దాంతో ఆ తునకకు రుణావేశం వస్తుంది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడం అంటే ఇదే. బాగుచేసే ఎంజైమ్ చేసిన ఈ చిన్న సవరణే తర్వాత జరిగే నష్టానికి దారి తెరుస్తుంది.

ఎందుకంటే డీక్యూ2, డీక్యూ8 అనే హెచ్ఎల్ఏ అణువులకు ఆ రుణావేశమే కావాలి. హెచ్ఎల్ఏ అణువులు కణాల మీద చిన్న పళ్లేల్లా ఉంటాయి. లోపల దొరికిన ప్రోటీన్ తునకలను కణాలు వాటిలో పెట్టి, టి కణాలనే రోగనిరోధక కణాలకు చూపిస్తాయన్నమాట. ఒక్కొక్కరి పళ్లెం ఆకారం ఒక్కోలా ఉంటుంది. డీక్యూ2, డీక్యూ8 పళ్లేల గుంటల్లో రుణావేశం ఉన్న తునక గట్టిగా అతుక్కుంటుంది. మామూలు గ్లూటెన్ తునక అంత గట్టిగా అతకదు. సీలియాక్ ఉన్నవాళ్లలో నూటికి 90 మంది దాకా డీక్యూ2.5 ఉన్నవాళ్లే. మిగతావాళ్లలో ఎక్కువమందిలో డీక్యూ8 ఉంటుంది.

ఇక్కడ ఆమె ఆపి అడిగారు: “అయితే ఈ జీన్ ఉంటే జబ్బు వచ్చినట్టేనా?” కాదు. చాలా దేశాల జనాభాలో మూడోవంతు మందికి ఈ జీన్లు ఉంటాయి. వాళ్లలో నూటికి కొద్దిమందికే జబ్బు వస్తుంది. అందుకే నేను హెచ్ఎల్ఏ పరీక్షను జబ్బు ఉందని తేల్చడానికి వాడను. ఆ రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఆ పరీక్ష అసలు ఉపయోగం అది.

పళ్లెంలో పెట్టి చూపించిన తునకను గుర్తుపట్టేది సీడీ4 టి కణం. కథ మొత్తానికి కీలకం ఈ కణమే. సీలియాక్ ఉన్నవాళ్ల పేగులో గ్లూటెన్‌ను గుర్తుపట్టే టి కణాలు ఉంటాయి, లేనివాళ్ల పేగులో ఉండవు. గుర్తుపట్టగానే అవి ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్-21 లాంటి రసాయనాలు వదులుతాయి. వాపు మొదలవుతుంది.

అయితే సీడీ4 టి కణం తానుగా పేగు పైపొరను చంపదు. చంపేది వేరే. పైపొర కణాల మధ్యలోనే కాపలా ఉండే లింఫోసైట్లు కొన్ని ఉంటాయి. బయాప్సీలో 65 అని లెక్కపెట్టింది వాటినే. మామూలుగా అవి ఒత్తిడిలో ఉన్న కణాన్నో, వైరస్ సోకిన కణాన్నో ఏరివేస్తాయి. సీలియాక్‌లో పైపొర కణాలు ఇంటర్‌ల్యూకిన్-15 ఎక్కువగా తయారుచేస్తాయి, “నేను కష్టంలో ఉన్నాను” అని చెప్పే గుర్తులను తమ మీద పెట్టుకుంటాయి. ఒకపక్క సీడీ4 టి కణాల నుంచి ఉసిగొల్పు, ఇంకోపక్క ఇంటర్‌ల్యూకిన్-15. రెండూ కలిసినప్పుడు ఆ కాపలా కణాలకు కళ్లెం తెగిపోతుంది. అవి పైపొర కణాలను వరసగా చంపుకుంటూ పోతాయి. పోయినవాటి చోట కొత్తవి పుట్టించాలని అడుగు గుంటలు పొడవుగా పెరుగుతాయి. చావు వేగం పుట్టుక వేగాన్ని దాటేసరికి చూషకాలు అరిగిపోతాయి.

ఆమె కాగితం వైపు చాలాసేపు చూసి, “ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది” అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

యాంటీబాడీ ఎక్కడి నుంచి వచ్చింది

ఇంతవరకూ చెప్పిన కథలో యాంటీబాడీ ఊసే లేదని గమనించండి. ఆమె ప్రశ్నకు జవాబు అదే. ఆమెలో పేగును పాడుచేసిన టి కణాలు అందరు సీలియాక్ రోగుల్లో ఉన్నట్టే ఉన్నాయి. ఐజీఏ లేకపోవడం వాటికి అడ్డు రాలేదు.

మరి మనం కొలిచే టీటీజీ యాంటీబాడీ ఎలా పుడుతుంది? రోగనిరోధక శాస్త్రంలో నాకు ఎంతో ఇష్టమైన భాగాల్లో ఇదొకటి. 1997లో డీటెరిచ్, షుప్పాన్ బృందం సీలియాక్ రోగుల యాంటీబాడీలు గురిపెట్టేది టీటీజీనేనని కనిపెట్టింది. అది మన సొంత ఎంజైమ్. సొంత ప్రోటీన్ మీద యాంటీబాడీ తయారవ్వాలంటే, దాన్ని తయారుచేసే బి కణానికి టి కణం సాయం కావాలి. కానీ సీలియాక్‌లో టీటీజీని శత్రువుగా చూసే టి కణాల అవసరం లేదు. ఎలాగంటే, టీటీజీ గ్లూటెన్ తునకకు సవరణ చేసేటప్పుడు ఒక్కోసారి దానికే అంటుకుపోతుంది. టీటీజీని గుర్తుపట్టే బి కణం ఆ జంటను మొత్తంగా మింగేస్తుంది. లోపల విడగొట్టి, గ్లూటెన్ తునకను తన హెచ్ఎల్ఏ పళ్లెంలో పెట్టి చూపిస్తుంది. గ్లూటెన్‌ను గుర్తుపట్టే టి కణం దాన్ని చూసి సాయం అందిస్తుంది. బి కణం ఆ సాయంతో యాంటీబాడీ తయారుచేస్తుంది. ఆ యాంటీబాడీ మాత్రం టీటీజీ మీద.

ఈ లెక్క ప్రకారం, గ్లూటెన్ ఆపేస్తే టి కణం సాయం ఆగిపోవాలి, సొంత ఎంజైమ్ మీది యాంటీబాడీ కూడా తగ్గిపోవాలి. నిజంగానే తగ్గుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో గానీ టైప్ 1 డయాబెటిస్‌లో గానీ మనకు ఈ అదృష్టం లేదు. అక్కడ నిప్పు పెట్టినది ఏదో తెలియదు, కాబట్టి తీసేయలేం. సీలియాక్‌లో తెలుసు.

గోధుమే కారణమని మొదట పట్టుకున్నది విల్లెం డికె అనే డచ్ పిల్లల వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరక్క కరువు వచ్చినప్పుడు సీలియాక్ పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడటం ఆయన అనుమానాన్ని గట్టిపరిచాయి. 1950లో దానిపై థీసిస్ ఇచ్చాడు. టి కణం, టీటీజీ, హెచ్ఎల్ఏ ఇవేవీ తెలియని రోజుల్లో వైద్యం మాత్రం సరిగ్గా చెప్పేశాడు.

టీటీజీ పాత్ర ఎంత ముఖ్యమో మనుషుల్లో చూపించిన పరీక్ష ఒకటి 2021లో వచ్చింది. టీటీజీని అడ్డుకునే జెడ్‌ఈడీ1227 అనే మాత్రను, డైట్‌లో ఉన్న సీలియాక్ రోగులకు ఆరు వారాల పాటు రోజుకు 3 గ్రాముల గ్లూటెన్‌తో కలిపి ఇచ్చారు. మాత్ర తీసుకున్నవాళ్లలో పేగు దెబ్బ తగ్గింది. ఆమె ఈ సంగతి వినగానే “ఆ మాత్ర నాకు రాయండి” అన్నారు. వైద్యానికి ఇది ఇంకా చేతికి రాలేదు, ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నది డైట్ ఒక్కటే అని చెప్పాల్సి వచ్చింది. ఆ మాట చెప్పడం ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది.

డైట్ మొదలయ్యాక

గ్లూటెన్ పూర్తిగా మాన్పించాం. ఐరన్ మరోసారి నరం ద్వారా ఇచ్చాం, ఫోలేట్, విటమిన్ డి మాత్రలు మొదలుపెట్టాం. ఎముకల సాంద్రత చూస్తే వెన్నెముకలో జెడ్ స్కోర్ మైనస్ 2.1. ఆమె వయసుకు అది తక్కువే. థైరాయిడ్ బాగానే ఉంది. న్యుమోకాకల్ టీకా వేయించాను. సీలియాక్‌లో ప్లీహం పని మందగించవచ్చు, ఆమెకు ఇన్ఫెక్షన్లు తరచూ వస్తున్నాయి కూడా. ఇంకో ముఖ్యమైన పని, ‘ఐజీఏ లోపం’ అని రాసిన కార్డు ఒకటి పర్సులో పెట్టుకోమన్నాను. ఐజీఏ బొత్తిగా లేనివాళ్లలో కొందరికి ఐజీఏ మీదే యాంటీబాడీలు ఉంటాయి. అలాంటివాళ్లకు రక్తం ఎక్కిస్తే అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు. నాలుగేళ్లుగా హిమోగ్లోబిన్ తక్కువ ఉన్న మనిషి, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో రక్తం ఎక్కించే ఉండేవాళ్లు. ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మూడు నెలలకు హిమోగ్లోబిన్ 12.1. ఆరు నెలలకు ఏఎల్‌టీ మామూలు స్థాయికి వచ్చింది, నోటిపూత ఆగిపోయింది. టీటీజీ ఐజీజీ సగానికి తగ్గింది. ఏడాదికి చూస్తే అక్కడే ఆగిపోయింది. ఫెర్రిటిన్ కూడా ముందుకు కదల్లేదు.

ఐజీఏ లోపం ఉన్నవాళ్లలో ఐజీజీ యాంటీబాడీలు నిదానంగా తగ్గుతాయి. ఆ కారణమే అయి ఉంటుందని సరిపెట్టుకోబోయాను. మొదటి రిపోర్టు విషయంలో చేసింది గుర్తొచ్చి, ఆమెను మా డైటీషియన్ దగ్గర గంటసేపు కూర్చోబెట్టాను. వారం రోజుల్లో నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రాయించారు. గోధుమ ఎక్కడా లేదు. ఆమె చాలా కచ్చితంగా ఉన్నారు, వంటపాత్రలు కూడా వేరుచేసుకున్నారు. రోజూ పొద్దున పాలల్లో కలుపుకునే పొడి మాత్రం ఉంది. డబ్బా మీద ‘మాల్ట్’ అని ఉంది. “దాంట్లో గోధుమ లేదండీ, చూసే కొన్నాను” అన్నారు. నిజమే, అందులో ఉన్నది బార్లీ.

గోధుమ ప్రోటీన్, బార్లీ ప్రోటీన్ పేర్లు వేరు. టి కణానికి పేర్లతో పనిలేదు. అది చూసేది ప్రోలిన్, గ్లూటమిన్ ఏ వరసలో ఉన్నాయని మాత్రమే. బార్లీలో, రైలో ఆ వరసలు గోధుమకు చాలా దగ్గరగా ఉంటాయి. ఆమె డైట్ పాటించారు, డైట్ చెప్పడంలో మేం ‘గోధుమ’ అన్న మాటను ఎక్కువగా వాడాం. ఆ తర్వాత మేం ఇచ్చే కాగితంలో గోధుమ, బార్లీ, రై మూడూ ఒకే సైజు అక్షరాల్లో రాస్తున్నాం, మాల్ట్ అన్న మాటను విడిగా చేర్చాం.

ఎంత గ్లూటెన్ చాలు దెబ్బ తగలడానికి? రోజుకు 50 మిల్లీగ్రాములు కొన్ని నెలలపాటు వెళ్తే చాలు, చూషకాలు దెబ్బతినవచ్చు. ఒక మామూలు బ్రెడ్ ముక్కలో ఉండే గ్లూటెన్‌లో అది చాలా చిన్న భాగం. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయడానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణం కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని చెబుతుంది.

పొడి మానేశాక యాంటీబాడీ మళ్లీ కిందికి దిగింది. అంతా బాగుందనుకుంటుండగా 18వ నెలలో ఒక రాత్రి ఆమె ఫోన్ చేశారు. ఒక విందులో సూప్ తాగారు, చిక్కదనం కోసం అందులో గోధుమ పిండి కలిపారని తర్వాత తెలిసింది. తాగిన రెండు గంటలకే వాంతులు, పొట్టలో మెలిపెట్టే నొప్పి, వణుకు. ఆమెకు నొప్పి కంటే టెన్షన్ ఎక్కువైంది. “ఇంతకుముందు రోజూ తిన్నా ఇలా కాలేదు. ఇప్పుడు ఒక్క గిన్నెకే ఇలా ఎందుకు? జబ్బు ముదిరిందా?”

ముదరలేదు. టి కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి. గ్లూటెన్ మానేసి ఎన్నేళ్లయినా అవి ఒంట్లోనే ఉంటాయి. డైట్‌లో ఉన్న రోగులకు పరీక్షగా గ్లూటెన్ ఇచ్చి చూస్తే, కొద్ది గంటల్లోనే రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-2 పెరుగుతుంది. అది టి కణాలు మేలుకున్నప్పుడు వదిలే రసాయనం. అది ఎంత పెరిగితే వికారం, వాంతులు అంత ఎక్కువగా ఉంటాయి. అంటే ఆమె ఆ రాత్రి పడ్డ బాధ విషాహారం కాదు, మానసికం అసలే కాదు. పడుకున్న టి కణాలు ఒక్కసారిగా లేచాయి. రోజూ తినే రోజుల్లో అవి ఎప్పుడూ కొద్దికొద్దిగా రగులుతూనే ఉండేవి, అందుకే ఇంత ఉధృతి తెలిసేది కాదు అన్నది నా అభిప్రాయం. ఈ ఒక్కసారి వల్ల ఇన్ని నెలల కష్టం వృథా కాదని, మళ్లీ తినకుండా ఉంటే చాలని చెప్పాను. రెండు రోజుల్లో తేరుకున్నారు.

రెండేళ్లకు మళ్లీ బయాప్సీ చేశాం. చూషకాలు తిరిగి లేచాయి. పైపొర లింఫోసైట్లు ఇంకా కొంచెం ఎక్కువే, వందకు 34. మార్ష్ 1. పెద్దవాళ్లలో రెండేళ్లకు ఇంత కోలుకోవడం మంచి ఫలితమే, చాలామందికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఫెర్రిటిన్ 46, ఏడాదిగా ఐరన్ ఏ రూపంలోనూ ఇవ్వలేదు.

తమ్ముడు

మొదటి రోజు నేను చదివి వదిలేసిన లైను గురించి చెప్పాలి. టైప్ 1 డయాబెటిస్‌కు దారితీసే జీన్లలోనూ డీక్యూ2, డీక్యూ8 ముఖ్యమైనవి. అందుకే ఈ రెండు జబ్బులు ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో కనిపిస్తాయి. సీలియాక్ రోగి తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు పరీక్ష చేయాలన్నది మామూలు నియమం. ఆ తమ్ముడికి రెండు కారణాలున్నాయి.

అతనికి 27 ఏళ్లు. “నాకేం బాధ లేదు కదా డాక్టర్ గారూ, అక్క పోరు పడలేక వచ్చాను” అన్నాడు. షుగర్ మాత్రం కారణం లేకుండా పడిపోతోందని, ఇన్సులిన్ డోసు ఎంత సరిచేసినా కుదురుకోవట్లేదని మాటల మధ్యలో చెప్పాడు. తిన్నది ఎప్పుడు ఎంత ఒంటబడుతుందో తెలియనప్పుడు ఇన్సులిన్ లెక్క ఎలా కుదురుతుంది? మొత్తం ఐజీఏ ముందు చూశాం, మామూలుగానే ఉంది. టీటీజీ ఐజీఏ హద్దుకు 12 రెట్లు. బయాప్సీలో మార్ష్ 3ఎ.

ఇప్పుడు మా ల్యాబ్‌లో టీటీజీ అడిగిన ప్రతి శాంపిల్‌కూ మొత్తం ఐజీఏ కూడా దానంతటదే చేస్తారు. మేనేజరును ఒప్పించడానికి ఆమె కేసు ఒక్కటే చూపించాను, రెండో మాట అవసరం పడలేదు.

తమ్ముడికి రిపోర్టు చెప్పిన రోజు ఆమె కూడా పక్కనే కూర్చున్నారు. నేను డైట్ కాగితం తీసి గోధుమ దగ్గర మొదలుపెట్టేలోపే, ఆమె తమ్ముడి వైపు తిరిగి, “ముందు బార్లీ సంగతి విను” అన్నారు.